4 జీబీ ల్యాప్‌టాప్‌లో మారోవిండ్, డయాబ్లో, బాల్డర్స్ గేట్ ఆడుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, ఈ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో కనిపించే కంప్యూటర్లు ఎక్కువగా రెండు రకాలు. ప్లస్ టూలో మంచి మార్కులు వస్తే ప్రభుత్వం ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న అన్నయ్య కొత్తది కొనుక్కుని ఇంట్లో వదిలేసిన పాతది ఇంకోటి. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, బ్యాటరీ గంట నిలిస్తే గొప్ప. "అన్నా, ఇందులో ఏ ఆటలు నడుస్తాయి?" అని అడిగేవాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేస్తున్నా.

రోల్ ప్లేయింగ్ ఆటల్లో (ఒక పాత్రని తయారుచేసుకుని దాని కథ నడిపించేవి, వీటినే ఆర్పీజీలు అంటారు) అసలు సిసలైనవి నా లెక్కలో 1992 నుంచి 2002 మధ్య వచ్చినవే. అల్టిమా 7, డాగర్‌ఫాల్, డయాబ్లో, ఫాల్‌అవుట్, బాల్డర్స్ గేట్, మారోవిండ్ అన్నీ ఆ పదేళ్లలోవే. వీటిని నడిపించడానికి ఇప్పుడు కొత్త ఇంజిన్లు ఉన్నాయి, ఉచితం, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టారు. మీ పాత ల్యాప్‌టాప్ వీటికి సరిపోతుంది. కొన్నిటికైతే ఫోన్ కూడా చాలు.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఆటలో రెండు భాగాలు ఉంటాయి. బొమ్మలు, పాటలు, మ్యాపులు, మాటలు, ఏ కత్తికి ఎంత బలం అన్న అంకెలు, ఇవన్నీ డేటా. ఆ డేటాని చదివి తెర మీద ఆడించే ప్రోగ్రామ్ ఇంజిన్. మీరు డబ్బు పెట్టి కొన్న ఆటలో రెండూ కలిపి వస్తాయి, కానీ ఆ ఇంజిన్ విండోస్ 98 కాలంలో రాసింది, ఇప్పటి విండోస్‌లో మొరాయిస్తుంది, లైనక్స్‌లో నేరుగా నడవదు, ఫోన్ సంగతి సరేసరి. అందుకని కొంతమంది ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి కూర్చుని, అవే డేటా ఫైళ్లను చదివే కొత్త ఇంజిన్‌ని మొదటి నుంచి రాశారు. కంపెనీ జీతం ఇచ్చి రాయించింది కాదు, ఆ ఆట మీద ఇష్టంతో రాసింది. మారోవిండ్ కోసం రాసిన ఓపెన్‌ఎండబ్ల్యూ 2008లో మొదలైంది, మొదట డీ అనే భాషలో రాసి తర్వాత సీ ప్లస్ ప్లస్‌లో మళ్లీ రాశారు, 2025లో 0.49 వచ్చింది, అంటే పదిహేడేళ్ల పని.

అయితే అన్నీ ఒకేలా పుట్టలేదు. ఓపెన్‌ఎండబ్ల్యూ, బాల్డర్స్ గేట్‌ని నడిపే జెమ్‌ఆర్‌బీ, అల్టిమా 7ని నడిపే ఎగ్జల్ట్ లాంటివి అసలు ఆట ఎలా ప్రవర్తిస్తుందో చూసి, ఫైళ్ల లోపలి అమరిక విప్పి రాసినవి. డయాబ్లోది వేరే దారి: జపాన్‌లో అమ్మిన ప్లేస్టేషన్ కాపీలో డెవలపర్లు మర్చిపోయి వదిలేసిన ఒక సింబల్ ఫైలు దొరికింది, అందులో ఫంక్షన్ల పేర్లన్నీ ఉన్నాయి, వాటి ఆధారంగా అసలు ప్రోగ్రామ్‌నే వెనక్కి విప్పి 2018లో బయటపెట్టారు. ఆర్క్స్ ఫాటాలిస్ అనే ఆటకి ఆ కష్టం లేదు, 2011లో కంపెనీయే సోర్స్ కోడ్ ఇచ్చేసింది, దాని మీద కట్టింది ఆర్క్స్ లిబర్టాటిస్.

ఆడేవాళ్లకు ఇందులో తెలియాల్సింది ఏంటంటే, ఈ ఇంజిన్లలో ఆట ఉండదు. దించుకుని తెరిస్తే "డేటా ఎక్కడుంది" అని అడుగుతాయి. చాలామంది ఇక్కడే పనిచేయట్లేదు అనుకుని తీసేస్తారు. డేటా ఫోల్డర్ మీరు తెచ్చుకోవాలి, అది ఎక్కడుందో చూపించాలి, అంతే.

డేటా ఎక్కడ దొరుకుతుంది

స్టీమ్, జీఓజీ, ఆటలు అమ్మే ఈ రెండు ఆన్‌లైన్ దుకాణాలు చాలు. స్టీమ్‌లో ధర రూపాయల్లోనే ఉంటుంది, యూపీఐతో కట్టొచ్చు, ఈ పాత ఆటలు సేల్ పెట్టినప్పుడు బాగా తగ్గుతాయి కాబట్టి విష్‌లిస్ట్‌లో వేసి కూర్చోండి. జీఓజీలో డీఆర్ఎం (కాపీ చేసుకోకుండా వేసే తాళం) ఉండదు, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ అని ఒక ఫైలు ఇస్తారు, దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే మళ్లీ నెట్ అక్కర్లేదు. నా ఓటు జీఓజీకే. మన వైపు గాలివాన వస్తే నెట్ ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు గజపతి జిల్లా ఊళ్లలో కరెంటు, సిగ్నల్ రోజుల తరబడి లేవు, అందుకని ఆట మీ చేతిలో ఫైలు రూపంలో ఉండటం వేరు, ఎక్కడో సర్వర్‌లో ఉండటం వేరు. స్టీమ్‌లో కొన్నా పర్వాలేదు, ఒకసారి దిగాక ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి పెట్టుకోండి, కొత్త ఇంజిన్‌కి స్టీమ్ నడుస్తూ ఉండాల్సిన పనిలేదు.

బజారులో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చే కాపీలు మాత్రం వద్దు. చేసినవాళ్ల కష్టం సంగతి ఒకటి, రెండోది ఆ కాపీల్లో సైజు తగ్గించడానికి పాటలు, వీడియోలు కోసేసి ఉంటాయి, ఇంజిన్ ఆ ఫైలు కోసం వెతికి దొరక్క ఆగిపోతుంది, మీరేమో ఇంజిన్‌ని తిట్టుకుంటారు.

అసలు డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే కూడా దారి ఉంది. డాగర్‌ఫాల్‌ని, దాన్ని చేసిన కంపెనీ బెథెస్డా 2009లోనే ఉచితం చేసింది, ఇప్పుడు స్టీమ్‌లో దొరుకుతుంది. అల్టిమా 4, దాంతో పాటు వరల్డ్స్ ఆఫ్ అల్టిమా వరుసలో వచ్చిన రెండు ఆటలు జీఓజీలో ఉచితం. డయాబ్లో డెమో కూడా ఉచితమే. ముందు వీటితో చెయ్యి తిప్పుకుని, నచ్చితే అప్పుడు కొనండి.

మారోవిండ్, ఓపెన్‌ఎండబ్ల్యూతో

దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ వరుసలో ఇంతగా పండిన ప్రాజెక్టు ఇదే. ఇంకా 1.0 అని పేరు పెట్టలేదు గానీ అసలు కథ, దానికి తర్వాత జోడించిన అదనపు కథలు (ఎక్స్‌పాన్షన్లు) రెండూ, అన్నీ మొదటి నుంచి చివరిదాకా ఆడి ముగించొచ్చు.

విండోస్ అయితే జీఓజీ ఇన్‌స్టాలర్‌ని మామూలుగానే నడపండి, కాకపోతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకుండా డీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏ ఫైలు ముట్టుకున్నా విండోస్ అనుమతి అడుగుతూ విసిగిస్తుంది. లైనక్స్ అయితే ఇన్నోఎక్స్‌ట్రాక్ట్ అనే చిన్న టూల్ ఉంది, ఉబుంటు, డెబియన్‌లలో మామూలు ప్యాకేజీగానే దొరుకుతుంది. టెర్మినల్ తెరిచి, దాని పేరు చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, జీఓజీ ఇన్‌స్టాలర్ ఫైలు పేరు ఇస్తే విండోస్ లేకుండానే లోపలివన్నీ బయటికి తీసి పెడుతుంది. అందులో డేటా ఫైల్స్ అనే ఫోల్డర్ కనపడాలి, దాని లోపల మారోవిండ్, ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ పేర్లతో ఈఎస్ఎం అని ముగిసే మూడు ఫైళ్లు ఉండాలి. ఆ మూడూ ఉన్నాయంటే సరుకు పూర్తిగా వచ్చినట్టే.

తర్వాత ఓపెన్‌ఎండబ్ల్యూ. విండోస్ ఇన్‌స్టాలర్ వాళ్ల సొంత సైట్‌లోనే ఉంటుంది, లైనక్స్‌కి ఫ్లాట్‌హబ్ అనే యాప్‌ల సైట్‌లో దొరుకుతుంది. డిస్ట్రోతో, అంటే మీరు వేసుకున్న ఉబుంటు లాంటి లైనక్స్ రకంతో, వచ్చే ప్యాకేజీ ఒక్కోసారి బాగా పాతబడి ఉంటుంది, వెర్షన్ నంబర్ చూసుకుని వేసుకోండి. మొదటిసారి లాంచర్ తెరవగానే ఇన్‌స్టలేషన్ విజార్డ్ వస్తుంది. అందులో ఆట ఇప్పటికే ఉంది అనే ఆప్షన్ ఎంచుకుని, ఇందాక చెప్పిన ఫైళ్లలో మారోవిండ్ పేరున్నదాన్ని చూపించండి. భాష అడుగుతుంది, ఇంగ్లీష్ పెట్టండి. పాత సెట్టింగులు తెచ్చుకోమంటారా అంటే సరే అనండి. విజార్డ్ అయిపోయాక లాంచర్‌లో కంటెంట్ ఫైళ్ల జాబితాలో ఆ మూడింటికీ టిక్ ఉందో లేదో చూసుకోండి, ఎక్స్‌పాన్షన్లకు టిక్ లేకపోతే ఆట నడుస్తుంది గానీ ఆ రెండింటి కథలు కనపడవు.

ప్లే నొక్కే ముందు రెండు నిమిషాలు సెట్టింగుల మీద పెట్టండి. పాత ల్యాప్‌టాప్‌లో ఆట నెమ్మదించడం కంటే ముందు వేడెక్కడం సమస్య, మే నెలలో ఫ్యాన్ కింద కూర్చున్నా కీబోర్డ్ మీద చెయ్యి పెట్టలేని పరిస్థితి వస్తుంది. ఫ్రేమ్‌రేట్ లిమిట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు గీయాలి అన్న హద్దు) అనే గడిలో టిక్ పెట్టి 40 అనో 30 అనో ఇవ్వండి, ఈ ఆటకి అది ధారాళంగా చాలు. దూరపు కొండలు కనపడే డిస్టంట్ ల్యాండ్, నీడలు, పోస్ట్ ప్రాసెసింగ్ మూడూ ఆపేయండి. నీళ్ల షేడర్ చూడటానికి బాగుంటుంది గానీ లోపలి గ్రాఫిక్స్‌తో నడిచే మెషీన్లని నిలువునా పిండేస్తుంది, ముందు ఆపి ఆడి, ఓపిక ఉంది అనిపిస్తే తర్వాత పెట్టుకోండి. అక్షరాలు చిన్నగా ఉంటే ఇంటర్‌ఫేస్ పేజీలో జీయూఐ స్కేలింగ్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని కొంచెం పెంచండి. ఈ ఆటలో చదవాల్సింది చాలా ఉంది, కళ్లు నొప్పెట్టకూడదు.

సేవ్ చేయడానికి ఎఫ్5, తిరిగి తెచ్చుకోవడానికి ఎఫ్9. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయిన క్షణంలో సేవ్ ఫైలు రాస్తూ ఉంటే ఆ ఫైలు పాడవుతుంది, మామూలుగా క్విక్‌సేవ్ ఒక్కటే ఉంచుతుంది కాబట్టి మొత్తం పోయినట్టే. సెట్టింగుల్లో మాక్సిమం క్విక్‌సేవ్స్ అనే అంకెని 3 చేసుకుంటే పాతవి రెండు వెనకాల ఉంటాయి. సేవ్ ఫైళ్లు విండోస్‌లో డాక్యుమెంట్స్ లోపల మై గేమ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, లైనక్స్‌లో డిస్ట్రో ప్యాకేజీ అయితే హోమ్ ఫోల్డర్‌లో దాచి ఉండే లోకల్ ఫోల్డర్ కింద షేర్‌లో ఓపెన్‌ఎండబ్ల్యూ పేరుతో ఉంటాయి, ఫ్లాట్‌హబ్‌ది అయితే అక్కడే దాచి ఉండే వార్ (var) ఫోల్డర్ కింద యాప్‌లో ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే మెషీన్‌లో పెడితే, అక్కడా అవే కంటెంట్ ఫైళ్లు ఉంటే చాలు, విండోస్‌లో ఆపిన చోటి నుంచి లైనక్స్‌లో మొదలుపెట్టొచ్చు.

కత్తి తగలడం లేదు అనేవాళ్లకి

మారోవిండ్ మొదలుపెట్టి మొదటి గంటలోనే వదిలేసేవాళ్లంతా చెప్పే కారణం ఒక్కటే: ఎలక మీద పదిసార్లు కత్తి వేశాను, ఒక్కటీ తగల్లేదు, ఇంజిన్‌లో బగ్ ఉంది. బగ్ కాదు, ఆట లెక్కే అది, ఓపెన్‌ఎండబ్ల్యూ ఆ లెక్కని ఉన్నదున్నట్టు పాటిస్తుంది. కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇంజిన్‌కీ డేటాకీ తేడా ఇక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

మీ దెబ్బ తగిలే అవకాశం ఇలా వస్తుంది. ఆ ఆయుధంలో మీ నైపుణ్యం, దానికి చురుకుదనంలో అయిదో వంతు, అదృష్టంలో పదో వంతు కలుపుతారు. పొడవు కత్తిలో 30, చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే 30, 8, 4 కలిపి 42. ఇప్పుడు దీన్ని అలసటతో గుణిస్తారు. తెర కింద ఉండే ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే 1.25తో, పూర్తిగా ఖాళీ అయితే 0.75తో. అంటే అదే మనిషి, అదే కత్తి, ఊపిరి నిండా ఉన్నప్పుడు 52, రొప్పుతూ ఉన్నప్పుడు 31. ఇందులోంచి మళ్లీ ఎదుటి జీవి తప్పించుకునే శక్తి తీసేస్తారు. మీరు క్లాస్ (మీ పాత్ర ఏ రకం మనిషో) ఎంచుకునేటప్పుడు పొడవు కత్తి నైపుణ్యాన్ని తీసుకోకుండా, దారిలో దొరికిన కత్తి పట్టుకుని దిగారనుకోండి, నైపుణ్యం 5 దగ్గరే ఉంటుంది, అప్పుడు ఊపిరి నిండుగా ఉన్నా 21 మాత్రమే.

అందుకని చేయాల్సింది రెండే. క్లాస్ ఎంచుకునే దగ్గరే ఒక ఆయుధాన్ని ముఖ్య నైపుణ్యాల్లో పెట్టుకుని దానికే కట్టుబడండి. పోట్లాటకి ముందు పరుగు ఆపండి, పరిగెత్తితే ఆకుపచ్చ గీత కరిగిపోతుంది. క్యాప్స్‌లాక్ నొక్కితే పరుగు, నడక మారతాయి, శత్రువు కనపడగానే నడకలోకి రండి.

అసలు ముచ్చట ఇక్కడుంది. ఈ కూడికలు, గుణకారాలు చేసే కోడ్ ఇంజిన్‌లో ఉంది, ఓపెన్‌ఎండబ్ల్యూ సోర్స్‌లో మెకానిక్స్ ఫోల్డర్‌లో కంబాట్ అనే ఫైలు తెరిస్తే కళ్లెదురుగా కనిపిస్తుంది, ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి అర్థమయ్యేంత సాదాగా రాశారు. కానీ అలసట దగ్గర వాడిన 1.25, గీత ఖాళీ అయితే అందులోంచి తగ్గే 0.5 అనే అంకెలు కోడ్‌లో లేవు, అవి మీరు కొన్న మారోవిండ్ డేటా ఫైల్లో ఉన్నాయి. ఓపెన్‌ఎండబ్ల్యూతో పాటే సీఎస్ అనే ఎడిటర్ వస్తుంది, అందులో గేమ్ సెట్టింగుల పట్టీ తెరిచి ఫటీగ్ అని వెతికితే ఆ అంకెలు మార్చి మీ సొంత యాడాన్ ఫైలుగా దాచుకోవచ్చు. అసలు ఫైలు జోలికి వెళ్లకుండా దాని మీద పొరలా పనిచేస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను ముందు చూపించేది ఇదే.

ఇంకో ఇబ్బంది, మ్యాప్ మీద బాణం గుర్తులు ఉండవు. "బాల్మోరాలో సౌత్ వాల్ అనే పూటకూళ్ల ఇంటి దగ్గర ఫలానా మనిషి గురించి అడుగు" అని మాటల్లోనే చెబుతారు, జర్నల్లో రాసి ఉంటుంది, మీరు చదువుకుని, దారి అడుక్కుంటూ వెళ్లాలి. మన ఊళ్లలో కొత్త ఇల్లు వెతుక్కోవడం ఎలాగో అలాగే. ఓపికతో రెండు సాయంత్రాలు ఆడితే ఆట జరిగే ద్వీపంలో దారులు మీకు నిజంగా తెలిసిపోతాయి, గుర్తుల వెనక పరిగెత్తే ఆటల్లో ఆ అనుభవం రాదు.

మాడ్లు (ఆటని మార్చడానికి అభిమానులు చేసిన యాడాన్లు) వేసుకునేటప్పుడు వాటిని డేటా ఫైల్స్ ఫోల్డర్‌లోకి గుమ్మరించకండి. ప్రతి మాడ్‌కీ విడి ఫోల్డర్ పెట్టి, లాంచర్‌లో డేటా డైరెక్టరీల జాబితాకి కలపండి, జాబితాలో కింద ఉన్నదే పైదాని మీద చెల్లుతుంది. నచ్చకపోతే ఆ వరస తీసేస్తే సరి, అసలు ఆట చెక్కుచెదరదు. మొదట వేసుకోదగ్గది ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్, అసలు ఆటలో మిగిలిపోయిన తప్పులు సరిచేస్తుంది, రుచి మార్చదు. మారోవిండ్ కోడ్ ప్యాచ్, ఎంజీఈ ఎక్స్ఈ అని పాత గైడ్లలో కనపడతాయి, అవి పాత ఇంజిన్‌కి వేసే మాట్లు, ఇక్కడ పనికిరావు, అవసరమూ లేదు. ఎండబ్ల్యూఎస్ఈ (పాత ఇంజిన్‌కి తగిలించే ఇంకో టూల్) కావాలి అని రాసి ఉన్న మాడ్లు కూడా ఇందులో నడవవు. ఓపెన్‌ఎండబ్ల్యూ కోసం లువా భాషలో రాసినవి విడిగా ఉన్నాయి, అవి చూసుకోండి.

డాగర్‌ఫాల్, పైసా ఖర్చు లేకుండా

1996 నాటి ఆట. దీని ప్రపంచం విస్తీర్ణం దాదాపు 1,60,000 చదరపు కిలోమీటర్లు అని లెక్క కడతారు, మన ఒడిశా రాష్ట్రం మొత్తం 1,55,707. అంతటినీ చేత్తో గీయలేదు, చాలావరకు కంప్యూటరే సూత్రాల ప్రకారం పుట్టించింది, అందుకని ఊళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి, అయినా ఆ పరిమాణం ఒకసారి చూసి తీరాలి.

దీనికి రాసిన కొత్త ఇంజిన్ పేరు డాగర్‌ఫాల్ యూనిటీ, 2023 చివర్లో 1.0కి చేరింది. యూనిటీ అనేది ఆటలు తయారుచేయడానికి వాడే వేరే కంపెనీ సరుకే, దాని మీద ఈ ప్రాజెక్టువాళ్లు రాసిన కోడ్ మాత్రం అందరిదీ. ఉచితంగా దించుకున్న డాగర్‌ఫాల్‌లో అరీనా2 అనే ఫోల్డర్ ఉంటుంది, ఆ ఫోల్డర్ ఉన్న చోటు చూపిస్తే పని అయిపోతుంది. ఒక్క సలహా: మొదటి తెర మీద అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్మాలర్ డంజన్స్ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. ఈ ఆటలో నేలమాళిగలు మనిషిని మింగేస్తాయి, ఒక పుస్తకం తెమ్మని పంపిస్తే రెండు గంటలు తిరిగి అది దొరక్క, వెనక్కి దారీ తెలియక చతికిలబడతారు. ఈ మెషీన్లలో ఇది మారోవిండ్ కన్నా కొంచెం బరువుగా నడుస్తుంది, రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించుకోండి.

ఫోన్‌లో ఆడాలంటే

డయాబ్లోకి డెవిల్యూషన్‌ఎక్స్. ఎంత నాసిరకం ఫోన్‌లోనైనా పరిగెడుతుంది, తెర మీద బటన్లు ఉంటాయి, బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే ఇంకా సుఖం. ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీలో ఏపీకే దొరుకుతుంది. డెమోకి కావాల్సింది స్పాన్ అనే ఒక్క ఎంపీక్యూ ఫైలు, అది దించుకునే దారి వాళ్లే ఇచ్చారు. డెమోలో యోధుడు ఒక్కడే ఉంటాడు, చర్చి కింద రెండు అంతస్తులు ఆడొచ్చు. పూర్తి ఆట జీఓజీలో కొంటే డయాబ్‌డాట్ అనే ఎంపీక్యూ ఫైలు వస్తుంది. యాప్‌ని ఒకసారి తెరిచి మూసేస్తే ఫోన్‌లో ఆండ్రాయిడ్, డేటా ఫోల్డర్ల కింద దాని పేరుతో ఫోల్డర్ తయారవుతుంది, అందులో ఫైల్స్ అనే ఫోల్డర్‌లోకి దీన్ని పంపాలి. ఇప్పటి ఆండ్రాయిడ్‌లలో మామూలు ఫైల్ మేనేజర్ యాప్‌లని ఆ ఫోల్డర్‌లోకి పోనివ్వడం లేదు, యూఎస్‌బీ కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి కాపీ చేయడమే సులువు. ఊళ్లో నడిచే బదులు పరిగెత్తడం, బంగారం దానంతటదే ఏరుకోవడం లాంటివి సెట్టింగుల్లో ఉన్నాయి, పెట్టుకోండి, ఆట రుచి చెడదు. లైసెన్స్ మాత్రం గమనించండి, కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు, దాంతో వ్యాపారం చేయకూడదు.

ఫాల్‌అవుట్ 1, 2లకి కమ్యూనిటీ ఎడిషన్ అని 2022లో వచ్చింది, ఫోన్‌లో కూడా నడుస్తుంది. మాస్టర్, క్రిటర్ పేర్లున్న డాట్ ఫైళ్లు, డేటా ఫోల్డర్, రెండో ఆటకైతే ప్యాచ్ ఫైలు కూడా కావాలి. లైనక్స్‌లో అందరూ తట్టుకుని పడే రాయి ఇక్కడే ఉంది. విండోస్‌కి పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా ఒకటే, లైనక్స్‌కి కాదు. ఫైలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండి, కాన్ఫిగ్ ఫైల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటే ఆట తెరుచుకోదు. కాన్ఫిగ్ ఫైలు తెరిచి మాస్టర్ డాట్, క్రిటర్ డాట్ అనే రెండు వరసల్లో పేరు, మీ ఫోల్డర్‌లో పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయో చూడండి. దాని కిందే ప్యాచెస్ అని ఇంకో రెండు వరసలు ఉంటాయి, వాటినీ చూడండి.

అల్టిమా 4, 6, 8, ఐ ఆఫ్ ద బిహోల్డర్, ల్యాండ్స్ ఆఫ్ లోర్, మైట్ అండ్ మ్యాజిక్‌లో జీన్ భాగాలు, వీటన్నిటికీ స్కమ్‌వీఎం ఒక్కటే చాలు. 2001లో అడ్వెంచర్ ఆటల కోసం మొదలైంది, పోనుపోను ఆర్పీజీలూ వచ్చి చేరాయి. యాడ్ గేమ్ నొక్కి ఫోల్డర్ చూపిస్తే ఏ ఆటో అదే కనిపెడుతుంది. అల్టిమా 7కి మాత్రం ఎగ్జల్ట్ వాడండి, ఆటలో స్టాటిక్ అనే ఫోల్డర్ ఉన్న చోటు దానికి చూపించాలి.

బాల్డర్స్ గేట్, జెమ్‌ఆర్‌బీతో

ఇక్కడ కొనేటప్పుడే జాగ్రత్త. జెమ్‌ఆర్‌బీ పాత ఒరిజినల్ ఆటలనే నడుపుతుంది, తర్వాత వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్లని కాదు. జీఓజీలో ఎన్‌హాన్స్‌డ్ కొంటే పాత ఒరిజినల్ కూడా దాంతో పాటు ఇస్తారు, మీ ఖాతాలో విడిగా కనపడుతుంది, దాన్ని దించుకోండి. ఆ ఫోల్డర్‌లో చిటిన్ అనే కీ ఫైలు ఉండాలి. జెమ్‌ఆర్‌బీ కాన్ఫిగ్ ఫైల్లో గేమ్ పాత్ అనే వరస దగ్గర ఆ ఫోల్డర్ దారి రాస్తే, ఆట ఏదో అదే పోల్చుకుంటుంది. బాల్డర్స్ గేట్ రెండు భాగాలూ బాగా నడుస్తాయి, ఐస్‌విండ్ డేల్ 2 ఇంకా అంత గట్టిపడలేదు. వైడూ అనే టూల్‌తో ఎక్కించే మాడ్లు వేసేది ఉంటే ముందు ఆట ఫోల్డర్‌లో వేసి, ఆ తర్వాతే జెమ్‌ఆర్‌బీతో తెరవండి. దీని మెనూలు, కిటికీలు అన్నీ పైథాన్‌లో రాసి ఉంటాయి, కాలేజీలో పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లు ఆ ఫోల్డర్ తెరిచి చూడండి, మార్చి సేవ్ చేసి ఆట మళ్లీ తెరిస్తే మార్పు కళ్ల ముందే కనిపిస్తుంది, కంపైల్ చేసే పని కూడా లేదు.

ఇద్దరు కలిసి, నెట్ లేకుండా

మారోవిండ్ ఒంటరిగా ఆడే ఆట. కానీ ఓపెన్‌ఎండబ్ల్యూ కోడ్ అందరిదీ కావడంతో దాన్ని చీల్చి టీఈఎస్3ఎంపీ అని నలుగురు కలిసి ఆడేది తయారుచేశారు. ఇది ఓపెన్‌ఎండబ్ల్యూ పాత వెర్షన్ 0.47 మీద నిలిచింది, కాబట్టి విడిగా దించుకోవాలి, కొత్త వెర్షన్‌లో చేసిన సేవ్‌లు దీనికి పనికిరావు. ఒక ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడిపి, రెండూ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, రెండోదాంట్లో మొదటిదాని ఐపీ అడ్రస్ ఇస్తే చాలు, మొబైల్ డేటా ఆపేసి ఉన్నా నడుస్తుంది. ఎవరి కాపీ వాళ్లు కొనుక్కోవాలి, ఇద్దరి కంటెంట్ ఫైళ్లూ ఒకే వరుసలో, అచ్చం ఒకేలా ఉండాలి, లేకపోతే సర్వర్ లోపలికి రానివ్వదు. సెలవులకి బావమరుదులంతా ఒకే ఇంట్లో చేరినప్పుడు మాత్రం ఇంతకు మించిన ఆట లేదు.

ఎక్కడైనా నిజంగా బగ్ తగిలితే ఊరికే వదిలేయకండి. ఓపెన్‌ఎండబ్ల్యూ బగ్‌లు గిట్‌ల్యాబ్‌లో, జెమ్‌ఆర్‌బీ బగ్‌లు గిట్‌హబ్‌లో తీసుకుంటారు. ముందు మాడ్లన్నీ తీసేసి అది మళ్లీ వస్తుందో చూడండి, రాకపోతే తప్పు మాడ్‌ది. వస్తే లాగ్ ఫైలు (ఇంజిన్ తాను చేసింది రాసుకునే చిట్టా), బగ్‌కి సరిగ్గా ముందు చేసిన సేవ్ ఫైలు, మీ వెర్షన్ నంబర్, ఏం చేస్తే వచ్చిందో నాలుగు ముక్కల్లో, ఇవి కలిపి పెట్టండి. ఇంగ్లీష్ గొప్పగా రాయనక్కర్లేదు, "ఈ తలుపు తెరిస్తే ఆట మూసుకుపోతోంది, సేవ్ జతచేశాను" అన్నంత రాస్తే చాలు, సేవ్ ఫైలు ఉంటే వాళ్లే తెరిచి చూసుకుంటారు.